ధర మారితే ఒక మాట, మనిషి మారితే ఒక మాట

ప్రశ్న: మాది పొదలకూరు. నిమ్మకాయల కమీషన్ దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. చదువంతా తెలుగు మీడియంలోనే సాగింది. మా దగ్గర సరుకు కొనే ఢిల్లీ పార్టీ ఒకరు ఉదయం ఒక లోడు పంపమంటారు, మధ్యాహ్నం సగం చాలంటారు, సాయంత్రానికి మళ్ళీ మొత్తం కావాలంటారు. "ఇలా మారుస్తుంటే మాకు కష్టంగా ఉందని మర్యాదగా ఒక మెయిల్ రాయి" అన్నారు మా యజమాని. చంచలం అనే మాటను ఇంగ్లిషులో ఏమంటారో ఫోనులో వెతికితే 'ఫికిల్' అని వచ్చింది. నిమ్మ ధరలు ఫికిల్‌గా ఉన్నాయనీ, మీరు కూడా చాలా ఫికిల్ అనీ రాసి పంపాను. ఆయన మా యజమానికి ఫోన్ చేసి గట్టిగా కోప్పడ్డారట. ధరల గురించి రాసినదానికి ఏమీ అనలేదు, తన గురించి రాసినదానికే మండిపడ్డారు. ఒకే మాట ఒకచోట చెల్లి, ఇంకొకచోట ఎందుకు చెల్లలేదు? వోలటైల్, మెర్క్యూరియల్, కెప్రీషస్, మ్యూటబుల్ అనే మాటలన్నిటికీ చంచలం అనే అర్థమే కనిపిస్తోంది. ఏది ఎక్కడ వాడాలి? ఇప్పుడు ఆయనకు ఏమని రాయాలి?

— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ ఢిల్లీ పార్టీకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆర్డరు తరచూ మారుతోందని చెప్పబోయి, మనిషే నిలకడ లేనివాడని రాశారు. తెలుగులో ఒక పెద్ద వ్యాపారికి "మీరు ఉత్త చపలచిత్తులండీ" అని ఉత్తరం పంపినట్టే అయింది. చివర 'అండీ' తగిలించినంత మాత్రాన అది మర్యాద అయిపోదు కదా!

మీరు చెప్పిన మాటలన్నీ మార్పును సూచించేవే. అయితే మార్పుతోపాటు ప్రతి మాటా ఇంకొక సంగతి కూడా చెబుతుంది. ఆ మార్పుకు తప్పు ఎవరిది అన్నదే ఆ సంగతి. కొన్ని మాటలు తప్పును మనిషి నెత్తిన పెడతాయి. కొన్ని ఎవరినీ తప్పుపట్టకుండా, ఇక్కడ ప్రమాదం ఉంది జాగ్రత్త అంటాయి. ఒకటి రెండు మాటలైతే మెచ్చుకోలుగా కూడా పనికొస్తాయి. ఫోనులో వెతికితే వచ్చే ఒక్క ముక్క అర్థంలో ఇది దొరకదు. మాటకు పక్కన ఏయే మాటలు వస్తున్నాయో, దాన్ని ఎవరి గురించి వాడుతున్నారో చూస్తేనే తెలుస్తుంది.

ముందు ఫికిల్ సంగతి. పాత ఇంగ్లిషులో దీని రూపం 'ఫికొల్'. అప్పట్లో దానికి మోసకారి, జిత్తులమారి అని అర్థం. మోసం అనే అర్థం ఎప్పుడో రాలిపోయింది గానీ, నిందించే గుణం మాత్రం పోలేదు. ఇప్పుడు ఫికిల్ అంటే ఇష్టం, అభిమానం, విశ్వాసం ఒకచోట నిలవని మనిషి. నిన్నటిదాకా ప్రాణస్నేహితుడన్నవాడిని ఈరోజు బజారులో చూసి కూడా పలకరించనివాడు ఫికిల్. రెండు సినిమాలు ఆడకపోగానే అభిమాన నటుడిని మార్చేసే ప్రేక్షకుడు ఫికిల్. ఎన్నికల్లో ఓడిన మర్నాడు నాయకులు ఓటరును ఫికిల్ అంటుంటారు. గెలిచి ఉంటే అదే ఓటరు విజ్ఞుడు!

దీనికి సరితూగే తెలుగు మాట అడిగితే చాలామంది గోడమీద పిల్లి అంటారు, ఊసరవెల్లి అంటారు. నా దృష్టిలో రెండూ సరిపోవు. గోడమీద పిల్లికి ఒక లెక్క ఉంది. ఎటు దూకితే లాభమో చూసుకుని, అప్పటిదాకా కదలకుండా కూర్చుంటుంది. మనం ఊసరవెల్లి అని తిట్టేది కూడా అవసరం కోసం రంగు మార్చేవాడినే. ఫికిల్ మనిషికి అంత తెలివి ఉండనక్కరలేదు. ఎదుటివాళ్ళ మీద ఇష్టం ఊరికే తగ్గిపోతుంది, ఇంకొకరి మీదకు పోతుంది. అతనికి కూడా కారణం తెలియకపోవచ్చు. 'నిలకడ లేని మనిషి', 'పూటకో మాట మనిషి' అంటే దానికి దగ్గరగా వస్తుంది. మీ పార్టీని మీరు అన్నది సరిగ్గా ఆ మాటే. వ్యాపారమంతా నోటిమాట మీద, నమ్మకం మీద నడిచేచోట ఒకరిని పూటకో మాట మనిషి అంటే, అతనితో బేరం పెట్టుకోకూడదని చెప్పినట్టే.

మరి ధరల గురించి రాసినప్పుడు ఎందుకు ఊరుకున్నారంటారా? ధరకు పరువు లేదు కనుక. అదృష్టం, గాలి, వాతావరణం లాంటి ప్రాణం లేనివాటిని కూడా ఇంగ్లిషులో ఫికిల్ అంటారు. వాటిని మనుషులుగా ఊహించుకుని, సగం సరదాగా అనే మాట అది. అందువల్ల మీ వాక్యం వ్యాకరణపరంగా తప్పు కాదు. వ్యాపార ఉత్తరానికి మాత్రం నప్పదు. "నిమ్మ ధర మా మీద అలిగింది" అని బిల్లు మీద రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా నష్టం పెద్దదైనప్పుడు ఆ సరదా మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిని, కోవూరు వైపు ఊళ్ళు నీళ్ళలో మునిగినప్పుడు ఆ వానలను ఎవరైనా ఫికిల్ అని వర్ణిస్తే, ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఒళ్ళు మండుతుంది.

మీకు కావలసిన మాట వోలటైల్. మీ దుకాణంలో రోజూ అక్కరకు వచ్చేది కూడా ఇదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఎగరడం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వోలటైల్ పుట్టింది. మొదట్లో రెక్కలున్న ప్రాణులను అలా పిలిచారు. తర్వాత అది రసాయనశాస్త్రంలోకి వచ్చి, మామూలు వేడికే ఆవిరైపోయే పదార్థాలకు పేరైంది. స్పిరిట్, పెట్రోలు వోలటైల్. మూత తీసి ఉంచిన డబ్బాలో హారతి కర్పూరం నాలుగు రోజులకు సగమైపోవడం మీరు ఇంట్లో చూసే ఉంటారు. అదీ ఈ గుణమే. ఎవరూ దొంగిలించలేదు, ఎవరి తప్పూ లేదు, ఆ పదార్థం స్వభావం అంత. ఈ తటస్థ ధోరణితోనే మాట మార్కెట్‌లోకి వచ్చింది. ధర వోలటైల్ అంటే తక్కువ వ్యవధిలో ఎక్కువగా ఎగిసిపడుతోందని అర్థం. ఎవరినీ తప్పుపట్టదు, ఏమరుపాటుగా ఉండవద్దంటుంది.

నిమ్మ ఈ మాటకు చక్కని ఉదాహరణ. పూత పట్టిన కాయ కోతకు రావడానికి నెలలు పడుతుంది. ఢిల్లీలో ఎండ ముదిరి గిరాకీ పెరిగితే, ఆ వారంలో ఇంకొన్ని కాయలు పుట్టించడం ఎవరి తరమూ కాదు. అలాగే కాపు విరగకాసినప్పుడు, ధర బాగా వచ్చేదాకా చెట్టుకే ఉంచడానికీ వీలుండదు, కోసి నెలల తరబడి దాచడానికీ వీలుండదు. అటు గిరాకీ వారంలో మారుతుంది, ఇటు సరుకు నెలల ముందే ఖాయమైపోతుంది. ఈ రెండూ కలిసి నడవవు కాబట్టి మధ్యలో ధర గంతులు వేస్తుంది. 2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో నిమ్మకాయలు చిల్లరగా కిలో 200 రూపాయలు దాటి, దేశమంతా ఆ ధర గురించే చెప్పుకుంది. అదే కాయకు కొన్ని రోజుల్లో కోత కూలి కూడా గిట్టని సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. వోలటైల్ అంటే పడిపోవడం అనుకుంటారు. కాదు. ఎటైనా కావచ్చు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2008లో ఇండియా విక్స్ అనే సూచీని మొదలుపెట్టింది. రానున్న 30 రోజుల్లో నిఫ్టీ అనే పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎంతగా ఊగవచ్చని మార్కెట్ అనుకుంటోందో అది చెబుతుంది. పైకా, కిందికా అన్నది దాని పని కాదు. టీవీలో విక్స్ పెరిగిందని వినగానే ఉన్న షేర్లన్నీ తెగనమ్మడానికి పరుగెత్తేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ఇంకొక పొరపాటు, తేడాను కూడా వోలటైల్ అనడం. టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి వెళ్ళి చూడండి. ఒకే ఉదయం, ఒకే వరుసలో ఉన్న రెండు బేళ్ళకు రెండు ధరలు పలుకుతాయి. ఒకటి మేలు రకం ఆకు, ఇంకొకటి మాడు ఆకు. పక్కనే మూడో బేలు కొనేవాడు లేక 'నో బిడ్' అయి వెనక్కి పోతుంది. అది వోలటైల్ కాదు, రకాన్ని బట్టి వచ్చిన తేడా. దానికి 'వేరియబుల్' లేదా 'వేరీ' అనే మాట చాలు. రొయ్యల్లో 30 కౌంటుకు (కిలోకు 30 తూగేవి) ఒక ధర, 100 కౌంటుకు ఒక ధర ఉండటం కూడా అంతే. అదే కౌంటు, అదే నాణ్యత ఉన్న రొయ్యల ధర సోమవారం ఒక రకంగా, గురువారం ఇంకొక రకంగా ఉంటే అప్పుడు వోలటైల్ అనండి.

అయితే ఈ మాటను కూడా మనిషి మీదకు తీసుకుపోకండి. వోలటైల్ మనిషి అంటే ఎప్పుడు భగ్గుమంటాడో తెలియని కోపిష్ఠి. పరిస్థితి వోలటైల్‌గా ఉందని పత్రికలు రాస్తే ఆ ఊళ్ళో గొడవలు జరగవచ్చని అర్థం. ఫికిల్ తీసేసి వోలటైల్ పెట్టి అదే మెయిల్ మళ్ళీ పంపి ఉంటే, ఈసారి ఫోను మీ యజమానికి కాకుండా నేరుగా మీకే వచ్చేది!

మెర్క్యూరియల్ నాకు ఇష్టమైన మాట. మెర్క్యురీ అంటే రోమన్ల దేవుడు, బుధగ్రహం, పాదరసం కూడా. మన భాషలతో దీనికి ఒక చిత్రమైన పోలిక ఉంది. అమరకోశంలో పాదరసానికి ఉన్న పేర్లలో 'చపల' ఒకటి. మెరుపుకు చంచల, చపల అని పేర్లున్నదీ ఆ కోశంలోనే. లక్ష్మీదేవినీ చంచల అంటారు. అలా అంటూనే షావుకార్లు ఆమె పటాన్ని గల్లాపెట్టె మీద పెట్టుకుని దీపం వెలిగిస్తారు, ఆమె నిలవదని తెలిసినవాళ్ళు కనుక. అంటే నిలవకపోవడాన్ని పాదరసంలో చూసిన కళ్ళు రెండుచోట్లా ఉన్నాయి. కానీ వాడుకలో దారులు వేరయ్యాయి. తెలుగులో ఒకరిని పాదరసంలాంటివాడు అంటే చురుకైనవాడని పొగడ్త. ఇంగ్లిషులో మెర్క్యూరియల్ అంటే ఇప్పుడు నవ్వి, ఇంకాసేపటికి ముఖం ముడుచుకునే మనిషి. ప్రతిభ ఉండి మనసు నిలవని కళాకారుల గురించీ, ఆటగాళ్ళ గురించీ ఎక్కువగా రాస్తారు. అందులో మెచ్చుకోలూ ఉంది, విసుగూ ఉంది. చురుకైన కుర్రాడని సిఫారసు ఉత్తరంలో మెర్క్యూరియల్ అని రాసేరు, ఆ కుర్రాడికి ఉద్యోగం రాదు.

కెప్రీషస్‌కు చాలాసార్లు అధికారం తోడుంటుంది. చేతిలో పెత్తనం ఉండి, కారణం చెప్పకుండా ఇష్టం వచ్చినట్టు నిర్ణయాలు మార్చేవారిని అంటారు. నిన్న సరేనన్న ఫైలును ఈరోజు విసిరికొట్టే అధికారి కెప్రీషస్. మీ ఢిల్లీ పార్టీకి ఇది ఫికిల్ కంటే గట్టి తిట్టు.

మ్యూటబుల్ పుస్తకాల మాట, మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరు. రెండుచోట్ల మాత్రం మీకు ఎదురుకావచ్చు. ఇంగ్లిషు జ్యోతిష్యులు మిథునం, కన్య, ధనుస్సు, మీనం రాశులను మ్యూటబుల్ అంటారు. మనవాళ్ళు వాటినే ద్విస్వభావ రాశులంటారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా, ఒకసారి తయారుచేశాక మార్చడానికి వీలున్న డేటాను మ్యూటబుల్ అంటారు. ఈ రెండుచోట్లా నింద లేదు, పొగడ్తా లేదు.

మీరు అడగకపోయినా వర్సటైల్ గురించి ఒక మాట. దీనికి కూడా మొదట అటూ ఇటూ తిరిగేది, నిలకడ లేనిది అనే అర్థాలుండేవి. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతారు. ఇంగ్లిషులో మాత్రం అది పూర్తిగా పొగడ్తగా మారిపోయింది. హాస్యం, విషాదం, విలనీ ఏదైనా పండించగల నటుడు వర్సటైల్. ఉద్యోగాల దరఖాస్తులో ధైర్యంగా రాసుకోవచ్చు. చంచలం అని చెప్పే ఒక మాట ఇలా బహుముఖ ప్రజ్ఞ దాకా ఎదిగింది, అదే అర్థమున్న ఫికిల్ మోసం నుంచి మొదలై నింద దగ్గరే ఆగిపోయింది. మాటలకు కూడా జాతకాలుంటాయేమో.

ఇక మీ పార్టీ సంగతి. ఆయన మనసు నిజంగానే గంటకోసారి మారుతోందా? నాకు అనుమానమే. ఆయన ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీలో, అంటే అక్కడి టోకు మార్కెట్‌లో అమ్ముకునేవారైతే, అక్కడ ఉదయం పలికిన ధర మధ్యాహ్నానికి జారగానే మీకు సగం చాలంటారు. పక్క రాష్ట్రం నుంచి రావలసిన లారీ రాలేదని తెలిసి ధర కోలుకోగానే మొత్తం పంపమంటారు. ఆయన స్థానంలో మీ యజమాని ఉన్నా అదే చేస్తారు. ధర వోలటైల్‌గా ఉంది కనుక ఆర్డరు మారుతోంది. మీ మెయిల్‌లో ఆ బరువంతా తీసుకెళ్ళి ఆయన స్వభావం మీద పెట్టారు. ఆయన కోపానికి అసలు కారణం అదే అయి ఉంటుంది.

క్షమాపణ ముందు మీ యజమాని నోట రావాలి. మెయిల్ దుకాణం పేరుతో వెళ్ళింది కాబట్టి అవమానం కూడా దుకాణం పేరుతోనే జరిగింది. గుమస్తా మెయిల్ మీద మెయిల్ రాస్తే, యజమాని చాటున ఉన్నాడనిపిస్తుంది. ఆయన ఫోనులో రెండు మాటలు చెప్పాక మీరు రాయండి. అందులో ఫికిల్ అర్థం గురించి వివరణలు వద్దు. నిఘంటువులో అలా ఉందండీ అనడం అసలే వద్దు. "మా మాట ఆర్డర్ల గురించి, మీ గురించి కాదు. తప్పుగా రాసినందుకు మన్నించండి" అన్నంతవరకే.

ఆ తర్వాత అసలు విషయానికి రండి. వ్యాపార ఉత్తరంలో విశేషణాలు ఎంత తగ్గితే అంత మంచిది. ఏమి జరిగిందో, దానివల్ల మీకు ఏమి నష్టమో, ఇకమీదట ఏమి కోరుతున్నారో రాయండి. తెలుగులో అయితే ఇలా ఉంటుంది:

"గత వారం మీ ఆర్డరు మూడుసార్లు మారింది. కాయ కోయించి, గ్రేడింగ్ చేసి, బస్తాలకు ఎత్తాక పరిమాణం తగ్గితే కూలీ, లారీ కిరాయి మా మీద పడుతున్నాయి. ధరలు వోలటైల్‌గా ఉన్నందున మీకు కూడా ఇబ్బందేనని తెలుసు. ఉదయం పది గంటలలోగా ఆర్డరు ఖరారు చేస్తే ఇద్దరికీ సౌకర్యంగా ఉంటుంది. ఆ తర్వాత తగ్గించవలసి వస్తే, లారీ కిరాయిలో సగం మీరు భరించగలరా?"

పది గంటలు, సగం కిరాయి అన్నవి నేను ఊరికే వేసినవి. మీ దగ్గర కోత ఎన్ని గంటలకు మొదలవుతుందో, లారీ ఎప్పుడు మాట్లాడతారో చూసుకుని మీ యజమాని ఖాయం చేయాలి. ఇవే వాక్యాలను చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలుగా రాయండి, ఒక వాక్యంలో ఒకే సంగతి. 'చాలా', 'ఎప్పుడూ', 'ప్రతిసారీ' లాంటి మాటలు పెట్టవద్దు. మూడుసార్లు అంటే ఆయన లెక్క చూసుకుంటారు, ఎప్పుడూ అంటే వాదనకు దిగుతారు.

ఫోనులో మాట్లాడవలసి వస్తుందేమో, వోలటైల్‌ను ఎలా పలకాలో కూడా చెబుతాను. మొదటి అక్షరాన్ని 'వో' అని సాగదీయకుండా 'వా' అని కొంచెం ఒత్తి, 'వాలటైల్' అంటే బ్రిటిష్ ఉచ్చారణకు దగ్గరగా ఉంటుంది. అమెరికన్లు చివర కుదించి 'వాలటల్' అంటారు. ఢిల్లీ వ్యాపారికి మీరు ఎలా అన్నా అర్థమవుతుంది. స్టాక్ మార్కెట్ వార్తల పుణ్యమా అని ఆ మాట ఆయన రోజూ వినేదే.